పన్నెండుసార్లు నడిపినవా?

మా ల్యాబ్ సారు పోయారన్న కబురు ఒక సోమవారం పొద్దున పదకొండింటికి తెలిసింది. నేను హైదరాబాదులో ఎలక్ట్రానిక్ కాంటాలు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేస్తాను. కాంటా లోపల ఉండే ప్రోగ్రాం రాయడం నా పని. అప్పుడు కూడా ఒక కొత్త కాంటా ముందే కూర్చుని, దాని మీద తూకపు రాయి పెట్టడం, అంకె రాసుకోవడం, తీయడం, మళ్లీ పెట్టడం చేస్తున్నాను. ఏడోసారి పెట్టినప్పుడు ఫోన్ మోగింది. డిప్లొమాలో నాతో చదివిన స్నేహితురాలు. "ఒసే, మన ల్యాబ్ సారు లేడంటనే," అంది. "తెల్లారుజామున ఛాతీల నొప్పి అన్నడంట. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపొయ్యేసరికే అయిపోయిందంట. ఊరికి తీస్కపోతున్నరు."

ఫోన్ పెట్టేసి నేనేం చేశానో చెబితే మీరు నన్ను రాతిగుండె మనిషి అనుకుంటారు. మిగిలిన ఐదుసార్లు కూడా రాయి పెట్టి చూశాను. పన్నెండు అయ్యాయి. కాగితం మీద సంతకం చేసి, అప్పుడు లేచి సెలవు అడిగాను. పన్నెండుసార్లు చూడనిది ఎవరికీ ఇవ్వకూడదని నేర్పింది ఆయనే. ఆ పని మధ్యలో వదిలేసి ఆయన దగ్గరికే ఎట్లా పోను?

సారు ఊరు మల్దకల్‌కు దగ్గర. గద్వాలలో బస్సు మారి, ఆటో పట్టుకుని నేను చేరేసరికి అంతా అయిపోయింది. మనుషులు చేను దిక్కు నుంచి తలలు తడిపి తిరిగొస్తున్నారు. ఆయన మొహం చివరిసారి చూడలేకపోయాను. చూసినా చెప్పాల్సిన మాట ఆ మొహంతో చెప్పగలిగేదాన్నని నమ్మకం లేదు. ఏడేళ్లు చెప్పలేకపోయినదాన్ని.

మీలో ఎవరికీ ఆయన తెలిసే వీలు లేదు. ఆయన లెక్చరర్ కూడా కాదు. వనపర్తిలో మేం చదివిన ప్రైవేటు కాలేజీలో, ఆ కాలేజీ ఇప్పుడు లేదు, కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవారు. ఏటా జూన్‌లో కొత్త కాగితం రాసిస్తే ఆ ఏడు ఉద్యోగం ఉన్నట్టు. కీబోర్డులు విప్పి దుమ్ము దులపడం, కరెంటు పోయే టైముకు ముందే మిషన్లు ఆపించడం, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రిజిస్టరులో టైము వేయించి మాతో సంతకాలు పెట్టించడం ఆయన డ్యూటీ. అసెంబ్లీ భాష చెప్పే లెక్చరర్ ఏడాది మధ్యలో మానేసి పోతే, ప్రిన్సిపాల్ ఆయన్ని పిలిచి "ఆ పేపరు జర మీరే చెప్పుండ్రి" అన్నారు. ఆయన సొంతంగా చదువుకుని ఎప్పుడో నేర్చుకున్న విద్య అది. అట్లా మాకు సారయ్యారు.

అసెంబ్లీ అంటే కంప్యూటర్‌తో మధ్యవర్తి లేకుండా మాట్లాడటం. ఈ రెండు అంకెలు గుణించు అంటే సరిపోదు. మొదటిది ఎక్కడినుంచి తేవాలో, ఎక్కడ పెట్టాలో, వచ్చిన జవాబు ఎక్కడ రాయాలో, రాశాక దాన్ని ఏం చేయాలో అన్నీ మనమే చెప్పాలి. చెప్పనిది అది చేయదు. దశాంశాలతో లెక్కలు చేయడానికి ప్రాసెసర్‌లో ప్రత్యేకంగా ఎనిమిది గదులు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి. కొత్త అంకె వస్తే పైన కూర్చుంటుంది, పాతవి కిందికి జరుగుతాయి. ఇది పుస్తకంలో చదివితే మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

మర్నాడు సారు షటిల్ కాక్‌లు వచ్చే పొడుగాటి డబ్బా ఒకటి, ఒక సంచిలో నిమ్మకాయలు పట్టుకొచ్చారు. ఒక్కొక్కటే డబ్బాలో వేశారు. ఎనిమిది పట్టాయి. తొమ్మిదోది పైన పెడితే అది దొర్లి కింద పడి బెంచీల కిందికి పోయింది. మేం నవ్వుతుంటే ఆయన నవ్వలేదు.

"పడిపోయిందని గీ డబ్బాకు తెల్వదు," అన్నారు. "నిండింది, ఇగ వెయ్యకు అని అరవదు. పైన ఇంకో నిమ్మకాయ ఉన్నదనుకొనే పని చేస్తది. గదే పరేషాన్. గందుకే పనైనంక దేన్ని పెట్టినోళ్లు దాన్ని తియ్యాలె. ఇంకోళ్లు తీస్తరని వదిలిపెట్టొద్దు."

ఆ నిమ్మకాయలతో మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరికీ షర్బత్ చేయించారు. తాగిన గ్లాసు కడిగి గచ్చు మీద బోర్లించారు. టీ తాగినా అంతే, ఎక్కడ తాగినా అంతే. క్యాంటీన్ ఆయన "గ్లాసులు కడగనీకె మనిషిని పెట్టిన గద సార్" అని ఎన్నిసార్లు అన్నా, "ఉండనీ, నేను తాగింది నేను బోర్లిస్త" అనేవారు. ల్యాబ్ నుంచి పోయేటప్పుడు కూడా బోర్డు తుడిచి, కుర్చీ లోపలికి నెట్టి, జేబులో చేరిన సుద్దముక్కలు తీసి డబ్బాలో వేసి పోయేవారు. మేం దానికి కూడా నవ్వేవాళ్లం. పద్దెనిమిదేళ్ల వయసులో దేనికి నవ్వం?

ఆయన ప్రోగ్రాం రాసే పద్ధతి వేరు. పాత పరీక్ష పేపర్ల వెనక, పెన్సిల్‌తో, ఎడమవైపు ఒక్కో ఆజ్ఞ. కుడివైపు ప్రతి లైనుకూ ఎనిమిది గళ్లు గీసి, ఆ ఆజ్ఞ నడిచాక ఏ గదిలో ఏముందో నింపేవారు. పది లైన్ల ప్రోగ్రాంకు ఎనభై గళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. "ఇవన్నీ గీసుకుంట కూసుంటే ప్రోగ్రాం ఎప్పుడు రాస్తం సార్?" అని మొహం మీదే అనేదాన్ని. నాకు నోరు ఎక్కువ. గద్వాల బస్టాండులో కిటికీ సీటు కోసం కండక్టర్‌తో కొట్లాడి గెలిచే మనిషిని. ఆయన కోప్పడేవారు కాదు. "నీ చెయ్యి ఉరుకుతది బిడ్డా. జర కన్నును గూడ దాని ఎంబడి ఉరకనియ్యి" అనేవారు.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు చేయాలి. మాది గద్వాలలో నేతవాళ్ల ఇల్లు. నాయన మగ్గం దిగి, ఒక షావుకారుకు పట్టు రంగులు వేసే పని చేసేవాడు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఒక పడుగు మీద, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు దారం మీద, వచ్చే చీరలన్నింటికీ అంచుకు కావలసిన పట్టు మొత్తం ఒక్క వాయిలోనే రంగులో ముంచాలి. తక్కువపడి రెండో వాయి వేస్తే, అదే మనిషి, అదే రంగు, అవే నీళ్లు అయినా ఆ రెండూ ఒకటి కావు. నీడలో ఒకటే అనిపిస్తాయి. ఎండలో పెడితే చార కనిపిస్తుంది. అందుకని ఎంత పట్టు ముంచాలన్న లెక్కే అన్నిటికంటే ముఖ్యం. షావుకారు ఆ లెక్క నోటితో వేసేవాడు. చీరలు ఎన్ని, అంచు ఎంత వెడల్పు చెబితే పట్టు బరువు చెప్పే ప్రోగ్రాం చేస్తానని నేను అన్నాను. సారు మొహం వెలిగిపోయింది. "దశాంశాల లెక్క. అసెంబ్లీల చేద్దాం" అన్నారు.

లెక్క ఎంత తక్కువ వచ్చినా, సన్నంచుకు పట్టే కనీస బరువుకు తగ్గకూడదని షావుకారు చెప్పాడు. కాబట్టి జవాబు ఆ కనీసం కంటే చిన్నదైతే కనీసాన్నే చూపించాలి. అదంతా రాశాను. సారు గళ్లు గీసి చూపించమన్నారు. తర్వాత గీస్తానన్నాను.

ప్రోగ్రాం పూర్తయిన రోజు శుక్రవారం. మూడున్నరకు గద్వాల బస్సు ఉంది. మర్నాడు షావుకారు వారం రోజులకు ఊరికి పోతున్నాడు, ఆ సాయంత్రమే ఆయన దుకాణంలో ఉన్న పాత కంప్యూటర్‌లో పెట్టి, నాయన ముందు నడిపి చూపించాలని నా ఆత్రం. నా బిడ్డ చేసిందని నాయన నలుగురిలో అనాలి. ఫ్లాపీలోకి ఎక్కించుకుని, రిజిస్టరులో టైము వేసి సంతకం పెడుతుంటే సారు అడిగారు.

"పన్నెండుసార్లు నడిపినవా?"

ఆయన రూలు అది. మిషన్ ఆపకుండా, ప్రోగ్రాం మూయకుండా, వరసగా పన్నెండు లెక్కలు. పన్నెండే ఎందుకని ఎవరో అడిగితే, "ఎనిమిది దాటినంకనే దాని అసలు గుణం బయటపడ్తది. మీద నాలుగు నా ధైర్నానికి" అన్నారు ఒకసారి. నేను నాలుగు లెక్కలు వేసి చూశాను. నాలుగూ కచ్చితంగా వచ్చాయి.

"నడిపిన సార్," అన్నాను.

ఆయన రిజిస్టరులో నా సంతకం వైపు చూసి, "సరే బిడ్డా, పైలంగ పో" అన్నారు. నేను బస్టాండుకు ఉరికాను. కిటికీ సీటు కూడా దొరికింది.

ప్రోగ్రాం నాలుగు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. షావుకారు రోజుకు మూడో నాలుగో లెక్కలు చేసి, వచ్చిన బరువు చీటీల మీద వేసుకునేవాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడు. నాయన ఏమీ అనలేదు గానీ, చీటీ అందుకునేటప్పుడు దాన్ని రెండు చేతులతో పట్టుకునేవాడని అమ్మ చెప్పింది. ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయి. నేను తర్వాతి సెమిస్టరు చదువులో మునిగిపోయాను.

మాఘమాసం పెళ్లిళ్లకు ముందు ఒకరోజు షావుకారు కూర్చుని వరసగా పదకొండు చీటీలు వేశాడు. మొదటి ఎనిమిదీ సరిగ్గా వచ్చాయి. చివరి మూడింటికీ ప్రోగ్రాం కనీస బరువే చూపించింది. వాటిలో రెండు నిజంగానే సన్నంచు చీరలు, కాబట్టి తేడా తెలియలేదు. పదకొండోది మాత్రం పెద్దంచు, అరిటాకు పచ్చ, పెళ్లివాళ్ల ఆర్డరు. ఆ హడావిడిలో షావుకారు చూసుకోలేదు. చీటీలో ఎంత రాసి ఉందో అంత పట్టు తూచి సంచిలో పెట్టి నాయనకు పంపాడు. ఏ సంచి ఏ చీరకో నాయనకు తెలియదు. బరువు సరిచూసుకుని రంగులో ముంచాడు. పడుగు చేసేటప్పుడు పట్టు తక్కువపడింది. రెండో వాయి వేశాడు. నీడలో అందరికీ ఒకటే అనిపించింది. నేశారు, మడిచి పంపారు. పెళ్లివాళ్లు వాకిట్లో ఎండలో విప్పి చూసి, అన్ని చీరలూ తిప్పి పంపారు. ప్రతి అంచులోనూ నిలువునా చార.

షావుకారు మొదట నాయన మీద పడ్డాడు. "ముప్పై ఏండ్ల సంది రంగులేస్తున్నవ్, పచ్చ కలపనీకె రాదా?" అన్నాడు, నలుగురి ముందు. నా బిడ్డ చేసిందని నాయన అనాలనుకున్నానే, అదే నలుగురి ముందు. నాయన చీటీ తీసి చూపించాడు. అప్పుడు షావుకారు కోపం కంప్యూటర్ మీదికి మళ్లింది. ఇద్దరూ బస్సెక్కి వనపర్తి వచ్చారు.

ప్రిన్సిపాల్ గదిలోకి నన్నూ సారునూ పిలిచారు. నాయన మూలన నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితంలో చుట్టిన రెండు పట్టుదారపు లడీలు, ఒక్కో వాయిది ఒకటి. సారు ఎవరినీ ఏమీ అడగకుండా ఆ లడీలు తీసుకుని కిటికీ దగ్గరికి పోయారు. రెండింటినీ ఎండకు పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఎవలు చేసిన్రు గీ ప్రోగ్రాం?" అన్నారు ప్రిన్సిపాల్. "ఏందిది? మన కాలేజీ పేరు పోతున్నది."

 నాయన నన్నే చూస్తున్నాడు. నేను చెప్పాల్సింది చిన్న మాట. సార్ పన్నెండుసార్లు నడపమన్నరు, నేను నడపలేదు, నడిపిన అని అబద్ధం చెప్పిన. అంతే. కండక్టర్లతో కొట్లాడే నోరు ఆ రోజు పెగల్లేదు.

సారు కిటికీ దగ్గరి నుంచే అన్నారు. "రాసింది పిల్లలు సార్. చూసి బయటికి పంపాల్సినోన్ని నేను. సరిగ్గ చూడకుంట పంపిన. తప్పు నాది."

ఆ మాట అంటూ ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేదాన్నేమో అని చాలా ఏళ్లు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే.

తర్వాత ఆయన నాయననూ షావుకారునూ ల్యాబ్‌కు తీసుకొచ్చి కుర్చీలు వేశారు. "మీ పని చెడగొట్టినం. యాడ చెడిందో మీ కండ్ల ముందే చూస్తం" అన్నారు. నన్ను మిషన్ ముందు కూర్చోబెట్టారు. డీబగ్గర్ అని ఒకటి ఉంటుంది. ప్రోగ్రాంను ఒక్కొక్క ఆజ్ఞ దగ్గర ఆపుకుంటూ నడిపించవచ్చు, పక్కన ఆ ఎనిమిది గదులూ కనిపిస్తాయి. ఒక్కో అడుగు వేయమని, ప్రతి అడుగుకూ పై గదిలో ఏముందో నన్నే చెప్పమన్నారు. పెన్సిల్‌తో ఆయన గళ్లు నింపుతున్నారు. నేను గీయని గళ్లు.

మొదటి లెక్క అయిపోయింది. జవాబు తెరమీద రాసింది. ఎనిమిది గదులూ ఖాళీ కావాలి. పై గదిలో ఆ జవాబు ఇంకా అట్లాగే కూర్చుని ఉంది.

జవాబు రాయమని చెప్పాను, రాశాక గదిలో నుంచి తీసేయమని చెప్పలేదు. అంతే తప్పు. రెండో లెక్కకు రెండు మిగిలాయి, మూడోదానికి మూడు. ఎనిమిదితో గదులు నిండాయి. తొమ్మిదో లెక్కకు చోటు లేక, అక్కడ అంకె కాని చెత్త ఒకటి వచ్చి కూర్చుంది. దాన్ని కనీసంతో పోల్చినప్పుడు నేను రాసిన ప్రోగ్రాం అది చిన్నదే అనుకుని కనీస బరువు చూపించింది. మిషన్ ఆపి మళ్లీ పెడితే గదులన్నీ ఖాళీ అవుతాయి, మళ్లీ ఎనిమిది దాకా బాగుంటుంది. అందుకే నాలుగు నెలలు ఎవరికీ తెలియలేదు.

నాయన అంతా నిమ్మళంగా చూసి, "ఇన్ని దినాలు గిది కానరాలేదా సార్?" అని అడిగాడు.

"ఎనిమిది దాటితేనే కానొస్తదన్నా. దాటేదాంక మేం నడపలే," అన్నారు సారు.

మేం అన్నారు. నేను తెర మీదినుంచి కళ్లు తిప్పలేదు. ఒక్క ఆజ్ఞ మార్చాను, ఆయన వరసగా పన్నెండు లెక్కలు నాతో వేయించారు. పన్నెండూ సరిగ్గా వచ్చాయి. షావుకారు కోపం కొంచెం దిగింది. సారు అందరికీ టీ తెప్పించి, తన గ్లాసు కడిగి బోర్లించారు.

సాయంత్రం బస్సులో నాయన అడిగాడు. "నువ్వు రాసిందేనా బిడ్డా, గా తప్పు?"

"సార్ చూసిండు నాయనా," అన్నాను.

 పెబ్బేరు దాటాక నాయన, "ఆ సారు మంచోడు" అన్నాడు.

మరుసటి జూన్‌లో సారుకు కొత్త కాగితం రాసివ్వలేదు. కారణం ఇదేనని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. ఆయన నాగర్‌కర్నూల్ పోయి, ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరారు. అక్కడ అసెంబ్లీ ఎవరికి కావాలి? పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు. ఒక్కో లైనుకు ఎనిమిది గళ్లు గీసిన చెయ్యి పెళ్లి కార్డుల చుట్టూ పూల బార్డర్లు అతికించింది. నేను తలచుకున్నప్పుడల్లా అక్కడే ఆగిపోతాను.

ఏటా మల్దకల్ తిమ్మప్ప జాతరకు ఆయన తప్పకుండా ఊరికి వచ్చేవారు. నేనూ అప్పుడు గద్వాల వచ్చి, ఆయన్ని కలవడానికి వెళ్లేదాన్ని. ప్రతిసారీ చెబుదామనే వెళ్లేదాన్ని. బస్సులో కూర్చుని మాటలు కూడబలుక్కునేదాన్ని. ఇంట్లోకి పోగానే ఆయన భార్య, నేను అక్కా అని పిలుస్తాను, టీ తెచ్చిచ్చేది. సారు నా పని గురించి అడిగేవారు. కాంటాల్లో ఏ ప్రాసెసర్, ఎన్ని గదులు, తూకం తప్పితే ఎట్లా పట్టుకుంటారు. మిఠాయి గురించి చెబితే చిన్నపిల్లాడు విన్నట్టు వినేవారు. "పన్నెండుసార్లు నడుపుతున్నవా?" అని నవ్వుతూ అడిగేవారు. "నడుపుతున్న సార్" అనేదాన్ని. అది మాత్రం నిజం. ఆ శుక్రవారం తర్వాత నా చేతిలో నుంచి పన్నెండు దాటనిది ఏదీ బయటికి పోలేదు.

మూడో ఏడు జాతరకు ధైర్యం చేసి మొదలుపెట్టాను. "సార్, ఆ ప్రోగ్రాం..." అన్నాను. ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టారు. నా వైపు తిరిగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. తొందరపెట్టలేదు.

"ఆ ప్రోగ్రాం ఇంక వాడుతున్నడంట సార్, షావుకారు," అన్నాను.

"మంచిదే," అన్నారు. గ్లాసు తీసుకుని బయటికి పోయి, కడిగి, బోర్లించి వచ్చారు. తర్వాత మేం వానల గురించి మాట్లాడుకున్నాం.

ఆయన పోయిన నెల తర్వాత ఒక ఆదివారం మళ్లీ ఆ ఊరు వెళ్లాను. అక్క ఒక్కతే ఉంది. పొద్దెక్కింది, వాకిట్లో ఎండ. అక్క టీ ఇచ్చి పక్కన కూర్చుంది. ఇక ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పకుండా లేవడం మాత్రం చేతకాలేదు.

"అక్కా, సారుకు చెప్పాల్సిన మాట ఒకటి ఉండె. నీకు చెప్తున్న. పన్నెండుసార్లు నడిపిన అన్న, నడపలే. నాలుగుసార్లే నడిపిన. ప్రిన్సిపాల్ ముందల ఆయన 'తప్పు నాది' అంటుంటే నోరు మూసుకొని నిలబడ్డ. ఆయన నౌకరి పొయ్యింది నా వల్లనే."

అక్క ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "గిదా చెల్లె," అంది. "గిది నాకెర్కే. నువ్వు బస్సెక్కిన దినమే ఆయనకు ఎర్కైంది. కంప్యూటర్ల టైము ఉంటదంట గద, ప్రోగ్రాం ఎప్పుడు తయారైందో. నువ్వు సంతకం పెట్టిన టైముకు, దానికి నడుమ ఎనిమిది నిమిషాలే ఉన్నయంట. ఎనిమిది నిమిషాలల్ల పన్నెండు ఎట్లయితయని ఇంటికొచ్చి నవ్విండు. సోమారం నేనే నడిపి చూస్త అన్నడు. ఆ సోమారం మా అత్తకు పానం బాగలేక దవాఖానల పడ్డం. ఆ పరేషాన్‌ల మర్చిపోయిండు."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"ఆయన 'తప్పు నాది' అన్నది నిన్ను కాపాడనీకె అనుకోకు చెల్లె. ఆయన తప్పు గూడ ఉండె. తెల్సి ఊకున్నడు గద. గందుకే అన్నడు. ఆయనది ఆయన ఒప్పుకున్నడు, గంతే."

"మరి నన్నెందుకు అడగలే అక్కా? ఏడేండ్ల సంది వస్తుంటి గద. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని గద."

"నేను గూడ గదే అన్న. అడగరాదు, నాలుగు తిట్లు తిట్టి ఇడిసిపెట్టరాదు అన్న. 'నేను తియ్యొద్దు. పెట్టినామెనే తియ్యాలె' అన్నడు." అక్క వాకిలి వైపు చూసింది. "జాతరకు వచ్చి నువ్వు పోతుంటే తలుపు కాడ నిలబడి చూస్తుండె. నీ ఆటో మలుపు తిరిగినంక లోపటికి వచ్చి, 'ఇయ్యాల గూడ చెప్పలే' అంటుండె. ప్రతి ఏడు. కోపం కాదు చెల్లె. మల్లొచ్చే ఏడు చెప్తదిలే అన్నట్టు అంటుండె."

నేను బాగా ఏడ్చాను. అక్క నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఏం లాభం? ఇన్నాళ్లూ నేను ఆయనకు అన్యాయం చేశానని కుమిలిపోయాను. ఆయన్ని ఏడు జాతరలు ఎదురుచూడబెట్టానని నాకు తెలియనే తెలియదు. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నా వైపు తిరిగి కూర్చున్న ఆ రోజు, నేను చెప్పబోయేది ఆయనకు ముందే తెలుసు. వినడానికే గ్లాసు కింద పెట్టారు. నేను షావుకారు సంగతి చెప్పాను.

టీ చల్లారిపోయింది. అట్లాగే తాగేశాను. అక్క గ్లాసు అందుకోబోతే ఇవ్వలేదు. వాకిట్లో తొట్టి దగ్గరికి పోయి, కడిగి, గచ్చు మీద ఆయన బోర్లించే చోటే బోర్లించాను. గ్లాసు అంచు చుట్టూ నీళ్లు గుండ్రంగా కాసేపు నిలబడి, ఎండకు ఆరిపోయాయి. గ్లాసు కింద మాత్రం తడి అట్లాగే ఉండి ఉంటుంది.